బఫలో అభిమానుల కళ్ళతో ప్యాట్రిక్ మహోమ్స్

[తెరపై నాలుగు స్కోర్లు: 38-24, 42-36, 27-24, 32-29]

ఈ నాలుగు స్కోర్లను అమెరికాలోని బఫలో నగరంలో ఏ ఫుట్‌బాల్ అభిమానికి చూపించినా, ఏది ఏ సంవత్సరపు ఆటో వెంటనే చెప్పేస్తారు. ఇవి 2021, 2022, 2024, 2025 సంవత్సరాల్లో జనవరి నెలలో జరిగిన నాకౌట్ ఆటలు. నాలుగింటిలోనూ ఓడింది బఫలో బిల్స్, గెలిచింది కాన్సాస్ సిటీ చీఫ్స్. ఆ నాలుగుసార్లూ చీఫ్స్‌ను నడిపించిన క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్.

తమ ఆశలను ఇన్నిసార్లు కూల్చిన ఈ ఆటగాడి గురించి బఫలో వాళ్ళు నిజంగా ఏమనుకుంటారు? దూరం నుంచి చూసేవారికి అది ఒట్టి ద్వేషంలా కనిపించవచ్చు. నా దృష్టిలో మాత్రం విషయం అంత తేలికైనది కాదు. మహోమ్స్ గొప్పవాడు కాడని వాదించే బిల్స్ అభిమాని దాదాపు దొరకడు. వాళ్ళకు కోపం నిండుగా ఉంది, కానీ అది అతని దగ్గర ఆగకుండా టాస్ మీద, నియమాల మీద, రిఫరీల మీద, చివరకు సొంత కోచ్ మీద పడుతుంది. ఎందుకిలా జరుగుతుందో చూద్దాం.

[తెరపై: మైదానం పటం, రెండు జట్ల వరుసలు]

అమెరికన్ ఫుట్‌బాల్ అంతగా పరిచయం లేనివారి కోసం ముందుగా ఒక్క సంగతి చెప్పాలి. దాడికి దిగిన జట్టుకు 10 గజాలు ముందుకు సాగడానికి 4 అవకాశాలు ఉంటాయి. ప్రతి అవకాశంలోనూ బంతి దాదాపు ఎప్పుడూ ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. దాన్ని ఎవరికి విసరాలో, ఎవరికి అందించాలో, తానే పట్టుకుని ఎప్పుడు పరుగెత్తాలో రెండు మూడు సెకన్లలో అతను తేల్చుకోవాలి. ఒక జట్టు క్వార్టర్‌బ్యాక్ ఆడుతున్నంతసేపూ అతనికి ఎదురుగా ఉండేది అవతలి జట్టు రక్షణ దళం. అవతలి క్వార్టర్‌బ్యాక్ ఆ సమయంలో మైదానం అంచున నిలబడి చూడటం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. అంటే బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జోష్ ఆలెన్, మహోమ్స్ ఇద్దరూ ఒకే క్షణంలో మైదానంలో తలపడటం ఎన్నడూ జరగదు. మహోమ్స్ బంతి విసురుతున్న ప్రతిసారీ బఫలో అభిమాని చూసేది విఫలమవుతున్న తమ రక్షణ దళాన్నే, నిస్సహాయంగా నిలుచున్న తమ ఆలెన్‌నే. అందుకే అతని మెరుపుల కంటే తమవాళ్ళ పొరపాట్లే ఆ అభిమాని మనసులో ఎక్కువకాలం నిలుస్తాయి.

మహోమ్స్ కంటే ముందు బఫలోను ఇంకొక ఆటగాడు వేధించాడన్నది కూడా మరచిపోకూడదు. న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్‌లో రెండు దశాబ్దాలు ఆడి, తరువాత టాంపా బేకు వెళ్ళిన టామ్ బ్రేడీ, క్వార్టర్‌బ్యాక్‌గా బిల్స్‌తో ఆడిన ఆటల్లో 33 గెలిచి 3 మాత్రమే ఓడాడు. పేట్రియట్స్, బిల్స్ లీగ్‌లో ఒకే డివిజన్‌లోని (చిన్న గ్రూపులోని) జట్లు కాబట్టి ఏటా రెండుసార్లు తలపడక తప్పదు. ఆ కాలంలోనే బిల్స్ వరుసగా 17 సీజన్లు ప్లేఆఫ్స్ (సీజన్ చివర జరిగే నాకౌట్ పోటీలు) ముఖం చూడలేదు. అంతకుముందు 1991 నుంచి 1994 వరకు వరుసగా నాలుగు సూపర్ బౌల్‌లు (లీగ్ ఫైనల్ ఆటలు) ఆడి నాలుగూ ఓడిన చరిత్ర ఉండనే ఉంది. బ్రేడీ 2020లో పేట్రియట్స్‌ను వదిలి వెళ్ళగానే, ఆ సీజన్‌లోనే బిల్స్ తమ డివిజన్‌ను గెలిచారు. 1995 తరువాత వాళ్ళకు అదే మొదటిసారి. ఇక తమ రోజులు వచ్చాయని ఊరంతా సంబరపడుతుండగా, ఆ జనవరిలోనే సూపర్ బౌల్‌కు ముందరి ఆటలో మహోమ్స్ ఎదురై 38-24 తేడాతో ఓడించాడు. బ్రేడీ మీద ఇరవై ఏళ్ళుగా పేరుకున్న కసిలో కొంత భాగం ఆ రోజే మహోమ్స్ ఖాతాలోకి మారిందని నా నమ్మకం.

[తెరపై: 2017 డ్రాఫ్ట్, 10వ ఎంపిక]

ఇక ఈ కథలో అభిమానులను అన్నిటికంటే ఎక్కువగా తొలిచే సంగతికి వద్దాం. 2017 ఏప్రిల్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో, అంటే కళాశాల ఆటగాళ్ళను జట్లు వరుసక్రమంలో ఎంచుకునే కార్యక్రమంలో, 10వ ఎంపిక బఫలోదే. దాన్ని వాళ్ళు కాన్సాస్ సిటీకి ఇచ్చేసి, బదులుగా ఆ ఏడాది 27వ ఎంపికను, 91వ ఎంపికను, మరుసటి ఏడాది మొదటి రౌండ్ ఎంపికను తీసుకున్నారు. ఆ 10వ ఎంపికతో చీఫ్స్ తీసుకున్నది ప్యాట్రిక్ మహోమ్స్‌ను. 27వ ఎంపికతో బఫలో తీసుకున్న ట్రెడేవియస్ వైట్ మంచి రక్షణ ఆటగాడే అయ్యాడు. మరుసటి ఏడాది 7వ ఎంపికతో జోష్ ఆలెన్ కూడా వచ్చాడు కాబట్టి, ఆ ఒప్పందాన్ని మూర్ఖత్వమని నేను అనను. మహోమ్స్ వచ్చి ఉంటే ఆలెన్ వచ్చేవాడు కాడు, ఈ రోజు బఫలోలో ఆలెన్‌ను వదులుకుంటామనేవాళ్ళు చాలా అరుదు. అయినా తమను నాలుగుసార్లు ఓడించిన మనిషి తమ చేతుల మీదుగానే అక్కడికి చేరాడన్నది వాళ్ళను కుదురుగా ఉండనివ్వదు.

[తెరపై గడియారం: 0:13]

2022 జనవరి 23న కాన్సాస్ సిటీలో జరిగిన ఆటకు బఫలోలో వేరే పేరు అవసరం లేదు, "13 సెకన్లు" అంటే చాలు. గేబ్రియల్ డేవిస్ ఆ రోజు తన నాలుగో టచ్‌డౌన్ (బంతితో ప్రత్యర్థి చివరి గీత దాటడం) సాధించడంతో బిల్స్ 36-33 ఆధిక్యంలోకి వచ్చారు. గడియారంలో మిగిలింది 13 సెకన్లు. మహోమ్స్ ముందు టైరీక్ హిల్‌కు, తరువాత ట్రావిస్ కెల్సీకి బంతి విసిరి, రెండే రెండు పాస్‌లతో 44 గజాలు గడించాడు. హ్యారిసన్ బట్కర్ 49 గజాల ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నితే వచ్చే 3 పాయింట్లతో) స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో, అంటే అదనపు సమయంలో, టాస్ చీఫ్స్ గెలిచారు, మొదటి దాడిలోనే కెల్సీకి టచ్‌డౌన్ పాస్ వెళ్ళింది, అప్పటి నియమం ప్రకారం ఆట అక్కడితో ముగిసింది. ఆ రాత్రి నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు విసిరిన జోష్ ఆలెన్‌కు ఓవర్‌టైమ్‌లో బంతి ముట్టే అవకాశమే రాలేదు. గెలిచిన వెంటనే మహోమ్స్ సంబరాల మధ్య నుంచి పరుగున వెళ్ళి ఆలెన్‌ను వెతికి కౌగిలించుకున్నాడు. బఫలోలో చాలామందికి అతని మీద ఇప్పటికీ మిగిలి ఉన్న గౌరవం ఆ కౌగిలింతను చూసి కలిగిందే.

మరి ఆ రాత్రి కోపం ఎవరి మీదకు వెళ్ళింది? మొదట సొంత కోచ్ షాన్ మెక్‌డెర్మట్ మీదకు. ఆధిక్యంలోకి వచ్చాక బంతిని చీఫ్స్‌కు అందించిన చివరి కిక్‌ను నేరుగా ఎండ్‌జోన్‌లోకి (మైదానం కొనభాగంలోకి) కొట్టించకుండా తక్కువ దూరంలో వేయించి ఉంటే కొన్ని సెకన్లు కరిగిపోయేవి కదా అని, రక్షణ ఆటగాళ్ళను అంత వెనక్కి ఎందుకు నిలబెట్టారని అభిమానులు నేటికీ నిలదీస్తారు. ఆ ప్రశ్నలు న్యాయమైనవే. తరువాత కోపం నియమం మీదకు మళ్ళింది. రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే, ప్లేఆఫ్స్ ఓవర్‌టైమ్‌లో రెండు జట్లకూ ఒక్కొక్కసారి బంతి దక్కేలా ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్‌లోని జట్ల యజమానులు 29-3 ఓట్లతో నియమాన్ని మార్చారు. ఆ కొత్త నియమం కింద జరిగిన మొట్టమొదటి ఓవర్‌టైమ్ 2024 ఫిబ్రవరిలోని సూపర్ బౌల్. అందులో బంతి రెండోసారి అందుకుని శాన్ ఫ్రాన్సిస్కోపై 25-22తో గెలిపించినవాడు మళ్ళీ మహోమ్సే. బఫలో బాధ వల్ల పుట్టిన నియమం మొదటగా అతనికే ఉపయోగపడటం ఆ ఊరివాళ్ళకు ఎంత చేదుగా ఉండి ఉంటుందో ఊహించవచ్చు.

బిల్స్ అభిమానులు పరాయి క్వార్టర్‌బ్యాక్‌లను అభిమానించలేరని అనుకుంటే పొరపాటు. 2017 డిసెంబర్ 31న సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్ చివరి నిమిషంలో, నాలుగో అవకాశంలో 12 గజాలు అవసరమైన స్థితిలో, టైలర్ బాయిడ్‌కు 49 గజాల టచ్‌డౌన్ పాస్ విసిరి బాల్టిమోర్‌ను ఓడించాడు. దానివల్ల 17 సీజన్ల తరువాత బిల్స్‌కు ప్లేఆఫ్స్ తలుపులు తెరుచుకున్నాయి. కృతజ్ఞతగా బఫలో అభిమానులు తలా 17 డాలర్ల చొప్పున డాల్టన్ సేవా సంస్థకు పంపితే, ఆ మొత్తం 3 లక్షల డాలర్లు దాటింది. 2021 జనవరిలో బిల్స్‌తో ఆడుతూ తలకు దెబ్బ తగిలి బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ తప్పుకున్నప్పుడు, అతను అండగా నిలిచే, బడిపిల్లలకు సెలవు రోజుల్లో తిండి అందించే సంస్థకు ఇదే అభిమానులు 2 లక్షల డాలర్లకు పైగా విరాళమిచ్చారు. తమకు మేలు చేసినవాడినీ, తమ ముందు దెబ్బతిన్నవాడినీ గుండెలకు హత్తుకునే జనం వీళ్ళు. మహోమ్స్ వాళ్ళకు మేలూ చేయలేదు, జాలిపడే అవకాశమూ చాలాకాలం ఇవ్వలేదు.

[తెరపై: మంచు కప్పుకున్న స్టేడియం, ఆర్చర్డ్ పార్క్]

2023 డిసెంబర్‌లో ఈ బంధం కొంచెం రంగు మారింది. కాన్సాస్ సిటీలో బిల్స్ 20-17తో గెలిచిన ఆ ఆటలో, చీఫ్స్ ఆటగాడు కడేరియస్ టోనీ గీత దాటి నిలుచున్నందుకు అద్భుతమైన టచ్‌డౌన్ ఒకటి రద్దయింది. నిర్ణయం సరైనదే, రీప్లేలో స్పష్టంగా కనిపించింది. అయినా మహోమ్స్ మైదానం అంచున ఊగిపోయాడు. ఆట ముగిశాక అభినందించడానికి వచ్చిన ఆలెన్ దగ్గర కూడా రిఫరీల గురించే ఫిర్యాదు చేశాడు. తరువాత తన ప్రవర్తనకు బహిరంగంగానే విచారం తెలిపాడు. కానీ అప్పటిదాకా రిఫరీల గురించి మొరపెట్టుకునే హక్కు తమకే ఉందనుకున్న బఫలో అభిమానుల ముందు, అందరికంటే ఎక్కువ గెలిచే మనిషే మొరపెట్టుకోవడం వాళ్ళకు మింగుడుపడలేదు.

నెల తిరిగేసరికి, 2024 జనవరి 21న, మహోమ్స్ తన జీవితంలో మొదటిసారి ప్రత్యర్థి సొంత మైదానంలో ప్లేఆఫ్స్ ఆట ఆడటానికి బఫలోకు వచ్చాడు. అంతకుముందు రోజుల్లో కురిసిన మంచును తొలగించడానికి గంటకు 20 డాలర్లు ఇస్తామని జట్టు యాజమాన్యం పిలిస్తే అభిమానులు పారలు పట్టుకుని వెళ్ళారు. అమెరికాలో 5 కోట్లకు పైగా జనం ఆ ఆట చూశారు. బిల్స్ 27-24తో వెనుకబడి ఉండగా, చివరి రెండు నిమిషాల్లో వాళ్ళ కిక్కర్ టైలర్ బాస్ 44 గజాల నుంచి కొట్టిన కిక్ కుడివైపుకు వెళ్ళిపోయింది. 1991 సూపర్ బౌల్‌లో బిల్స్ కిక్కర్ స్కాట్ నార్‌వుడ్ కొట్టిన 47 గజాల కిక్ కూడా సరిగ్గా అలాగే కుడివైపుకు వెళ్ళింది. ఆ ఆట తరువాత మహోమ్స్‌ను తిట్టినవాళ్ళు తక్కువ. ముప్పై మూడేళ్ళ నాటి గాయం రేగినప్పుడు ఎదుటివాడిని తిట్టడానికి ఓపిక ఎక్కడుంటుంది?

2025 జనవరి 26 నాటి ఓటమి తరువాత మాత్రం అనుమానం బలంగా తలెత్తింది. నాలుగో క్వార్టర్ ఆరంభంలో బిల్స్ 22-21 ఆధిక్యంలో ఉండి, నాలుగో అవకాశంలో ఒక్క గజం అవసరమైన చోట ఆలెన్ బంతితో దూసుకెళ్ళాడు. గీత దాటాడని బఫలో అంతా నమ్మింది, దాటలేదని రిఫరీలు తేల్చారు, వీడియో పరిశీలనలోనూ ఆ నిర్ణయం మారలేదు. బంతి దక్కిన చీఫ్స్ టచ్‌డౌన్ చేసి, చివరకు 32-29తో గెలిచారు. అంతకు వారం ముందే హ్యూస్టన్‌తో ఆటలో మహోమ్స్‌కు అనుకూలంగా ఇచ్చిన పెనాల్టీలను టీవీ వ్యాఖ్యాత ట్రాయ్ ఐక్‌మన్ ప్రత్యక్ష ప్రసారంలోనే తప్పుపట్టాడు. రెండూ కలిసి, లీగ్ చీఫ్స్‌ను మోస్తోందన్న మాట దేశమంతా పాకింది. లీగ్ కమిషనర్ రాజర్ గుడెల్ దాన్ని కొట్టిపారేశారు.

ఈ అనుమానాన్ని నేను అంగీకరించను. ఆలెన్ ఆ గజం దాటాడనే నాకూ అనిపిస్తుంది, ఒక్క నిర్ణయం ఆట గతిని మార్చగలదనీ ఒప్పుకుంటాను. కానీ రెగ్యులర్ సీజన్‌లో, అంటే ప్లేఆఫ్స్‌కు ముందరి ఆటల్లో, 2021 నుంచి 2025 వరకు ఏటా ఒక్కసారి చొప్పున ఈ రెండు జట్లూ తలపడితే, ఐదుసార్లూ బిల్స్‌దే గెలుపు. మహోమ్స్‌ను మోయాలనుకునే లీగ్ ఆ ఐదింటినీ చూస్తూ వదిలేస్తుందా? పైగా ఆ నెల తరువాత జరిగిన సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా చేతిలో చీఫ్స్ 40-22తో చిత్తయ్యారు. కుట్ర ఉందనుకోవడంలో ఒక ఊరట ఉంటుంది: ఓటమికి తమవాడి లోపం కారణం కాదని చెప్పుకోవచ్చు.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. బఫలోలో మహోమ్స్ గురించి జరిగే ప్రతి వాదన నిజానికి ఆలెన్ గురించే. 2024 సీజన్‌కు అత్యుత్తమ ఆటగాడి పురస్కారం గెలిచినవాడు ఆలెన్. మహోమ్స్ దగ్గర అలాంటివి రెండున్నాయి, మూడు సూపర్ బౌల్‌లూ ఉన్నాయి. ఇద్దరూ స్నేహితులే. 2022లో లాస్ వేగస్‌లో జరిగిన గోల్ఫ్ పోటీలో ఇద్దరూ ఒకే పక్షాన నిలిచి బ్రేడీ, ఆరన్ రాడ్జర్స్‌ల జంటతో ఆడి ఓడారు. రేపు ఎవరైనా ఈ తరం చరిత్ర రాస్తే, తమ ఆలెన్‌ను మహోమ్స్ కాలంలో పుట్టిన దురదృష్టవంతుడిగా రాస్తారేమోనన్నదే బఫలో భయం. ఆ భయం ఉన్నవాడు మహోమ్స్‌ను తక్కువ చేసి మాట్లాడలేడు, ఎందుకంటే అతను తక్కువవాడైతే అతని చేతిలో నాలుగుసార్లు ఓడిన ఆలెన్ ఇంకా తక్కువవాడవుతాడు.

[తెరపై: 2025 నవంబర్ 2, బిల్స్ 28, చీఫ్స్ 21]

2025 నవంబర్‌లో బఫలో మైదానంలో మహోమ్స్ విసిరిన 34 పాస్‌లలో 15 మాత్రమే చేరాయి. స్టేడియం హోరెత్తింది, అయినా రెగ్యులర్ సీజన్ గెలుపుతో సంతృప్తిపడే దశను ఈ అభిమానులు ఎప్పుడో దాటిపోయారు, వాళ్ళకు కావలసింది జనవరి గెలుపు. డిసెంబర్ 14న చార్జర్స్‌తో ఆడుతూ మహోమ్స్ మోకాలి లిగమెంట్ తెగింది, అదే రోజు చీఫ్స్ ప్లేఆఫ్స్ ఆశలూ ముగిశాయి. ఆ సీజన్‌లో బిల్స్ జనవరిలోకి అడుగుపెట్టినప్పుడు దారిలో అతను లేడు. ప్లేఆఫ్స్‌లో మహోమ్స్ మీద ఆలెన్ లెక్క 0-4 దగ్గరే నిలిచి ఉంది.