కౌంటర్‌లో ప్లాటినం పెట్టి ప్లాటినం లేదనకండి

వేదిక మీది పెద్దలకు, బెంగళూరు తెలుగు విద్యార్థి మిత్రులకు నమస్కారం. ఉన్న సమయం తక్కువ, నేరుగా విషయంలోకి వస్తాను.

కరెంటుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడానికి 25 డిగ్రీల దగ్గర 1.23 వోల్టులు చాలని సిద్ధాంతం. ఆ పని చేసే యంత్రాలు, అంటే ఎలక్ట్రోలైజర్లు మాత్రం 1.8 దాకా, ఒక్కోసారి 2 దాకా తీసుకుంటాయి. ఆ అదనంలో పెద్ద వాటా ఆక్సిజన్ వచ్చే వైపుది. క్షార ద్రావణంలో అక్కడ ఉత్ప్రేరకంగా ఇరిడియం అనే అరుదైన ఖరీదైన లోహం అక్కర్లేదు, నికెల్-ఇనుము హైడ్రాక్సైడ్ చాలు. నికెల్ ఫోమ్ (స్పాంజిలాంటి నికెల్) ముక్కను 3 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 15 నిమిషాలు సోనికేట్ చేసి, అంటే అతిధ్వని తరంగాలతో కదిలించి, కడగండి. నికెల్ నైట్రేట్, ఐరన్ నైట్రేట్ చెరి 3 మిల్లీమోలార్ కలిపిన ద్రావణంలో, సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి మైనస్ 1 వోల్టు దగ్గర 300 సెకన్లు ఉంచండి. పూత పడుతుంది.

ఇక హైడ్రోజన్ వైపు వాడే ఉత్ప్రేరకం నికెల్-మాలిబ్డినం గురించి చెప్పాలి. కానీ అంతకన్నా ముందు ఇది చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ‘ప్లాటినం లేని ఉత్ప్రేరకం’ అని పోస్టర్ పెడతారు, సెల్‌లో కౌంటర్ ఎలక్ట్రోడ్ (పరీక్షించే ఎలక్ట్రోడ్‌కు ఎదురుగా ఉండి కరెంటు వలయాన్ని పూర్తిచేసేది) చూస్తే ప్లాటినం తీగ! ఆనోడ్‌గా ఉన్న ఆ తీగ కొద్దికొద్దిగా కరిగి మీ కాథోడ్ మీదకే చేరుతుంది. గంటలు గడిచేకొద్దీ పనితనం పెరుగుతోందంటే ముందు దాన్నే అనుమానించండి. గ్రాఫైట్ కడ్డీ పెట్టండి, రెండు ఎలక్ట్రోడ్ల మధ్యలో మెంబ్రేన్ (పలుచని అడ్డుపొర) పెట్టండి. మీ గైడ్ ఒప్పుకోకపోతే రెండు రకాలుగానూ కొలిచి గ్రాఫ్ చూపించండి.

ఇనుముదీ ఇదే తంతు. మామూలు పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఇనుము మలినంగా ఉంటుంది, గాజు సెల్ నుంచి కూడా దిగుతుంది. వట్టి నికెల్ అద్భుతంగా పనిచేసిందంటే ఆ ఘనత ఇనుముది కావచ్చు. ద్రావణాన్ని శుద్ధి చేసి, ప్లాస్టిక్ సెల్‌లో మళ్లీ కొలవండి.

మన ఊరి సంగతి ఒకటుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, గాలి పీడనం సుమారు 0.9 అట్మాస్ఫియర్. 25 డిగ్రీల దగ్గర 1 మిల్లీమోల్ హైడ్రోజన్ 24.5 మిల్లీలీటర్లు కాదు, ఇక్కడ 27 పైన ఆక్రమిస్తుంది. పుస్తకంలోని అంకె వేసుకుంటే ఫారడే సామర్థ్యం, అంటే పంపిన కరెంటులో నిజంగా హైడ్రోజన్‌గా మారిన వాటా, 100 శాతం దాటిపోతుంది! నీటి మీద సేకరించిన వాయువైతే ఆవిరి పీడనం కూడా తీసేయండి.

చివరగా, ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీయాంపుల దగ్గర ఆగిపోకండి. పరిశ్రమలో 200 నుంచి 400 దాకా, 70-80 డిగ్రీల వేడిలో, 25-30 శాతం క్షారంలో నడుస్తుంది. సౌర విద్యుత్తుతో నడిపితే సాయంత్రం ఆగి పొద్దున మళ్లీ మొదలవుతుంది. నికెల్-మాలిబ్డినంలో మాలిబ్డినం ఎక్కువగా కరిగిపోయేది కరెంటు ఆగిన ఆ వేళల్లో. కాబట్టి ఆపి, మొదలుపెట్టి, మళ్లీ ఆపి కొలవండి. ద్రావణంలోకి ఎంత మాలిబ్డినం దిగిందో ఐసీపీలో (ద్రావణంలోని లోహాల మోతాదు కొలిచే పరికరంలో) చూసి, ఆ అంకెను కూడా పోస్టర్ మీద రాయండి.