బైట్‌లో వెయ్యి ఎలా పట్టింది?

బైట్‌కోడ్, అంటే మన ప్రోగ్రామ్‌ని మార్చి తయారుచేసే నంబర్ల ఆదేశాలు. ఆ మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు అడిగేస్తారు: "బైట్‌లో 255 దాటి పట్టదు కదా, మరి 1000 ఎలా రాశారు?" అసలు 1000 అక్కడ రాశారని ఎవరు చెప్పారండీ?

(స్క్రీన్ మీద: ఎక్స్ = వై + 1000)

ఈరోజంతా ఈ ఒక్క లైనే. దీన్ని ఒక పైథాన్ ఫంక్షన్‌లో పెట్టండి. వై పారామీటర్, ఎక్స్ లోకల్ వేరియబుల్. పైథాన్ 3.6 దీన్ని ఇలా మారుస్తుంది.

(స్క్రీన్ మీద: 124 0, 100 1, 23 0, 125 1)

మొత్తం ఎనిమిది బైట్‌లు. ఇందులో 1000 కోసం వెతకండి. లేదు. ప్రతి జతా ఒక ఇన్‌స్ట్రక్షన్: మొదటి నంబర్ ఆప్‌కోడ్, అంటే ఏ పని చేయాలో; రెండోది ఆపరాండ్, అంటే దేనిమీద చేయాలో. మొదటి జత వైని తెస్తుంది. రెండో జతలో 100 అంటే లోడ్ కాన్‌స్ట్, అంటే కోడ్‌లో రాసిన స్థిర విలువని (కాన్‌స్టెంట్‌ని) తేవడం, పక్కనున్న 1 దాని ఆపరాండ్. అది విలువ కాదు, ఫంక్షన్‌తో పాటు వచ్చే కాన్‌స్టెంట్ల పట్టికలో స్థానం. 0వ స్థానంలో నన్ (None, "ఏమీ లేదు" అనే పైథాన్ విలువ) ఉంది, 1లో మన 1000 ఉంది. ఇప్పుడు చివరి జత చూడండి. అక్కడా ఆపరాండ్ 1, కానీ దాని అర్థం ఎక్స్. ఎందుకంటే 125 అంటే స్టోర్ ఫాస్ట్, అది చూసేది లోకల్ వేరియబుల్స్ పట్టికని: అక్కడ 0 వై, 1 ఎక్స్. ఏ పట్టికలో వెతకాలో ఆప్‌కోడ్ చెబుతుంది, ఆపరాండ్ ఉత్త నంబర్.

మధ్యలో 23 అంటే కూడిక. దానికి ఆపరాండ్ అక్కర్లేదు, అయినా పక్కన 0 ఉంది. 3.6కి ముందు కొన్ని ఇన్‌స్ట్రక్షన్లకి ఒక బైట్, కొన్నిటికి మూడు ఉండేవి. 3.6లో అన్నీ రెండే. బైట్ దండగ కదా అంటారు, నాకైతే ఈ దండగే నచ్చింది. తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ ఎక్కడ మొదలవుతుందో ప్రతిసారీ లెక్కేసుకునే పని పోయింది.

సరే, మన 1000 పట్టికలో 300వ స్థానంలో పడిందనుకోండి. స్థానమే బైట్‌లో పట్టదు. అప్పుడు ముందు ఇంకో జత చేరుతుంది.

(స్క్రీన్ మీద: 144 1, 100 44)

144 అంటే ఎక్స్‌టెండెడ్ ఆర్గ్. దాని 1 పై బైట్‌గా చేరుతుంది: 256 + 44 = 300. ఇలాంటివి మూడు వరకూ పెట్టొచ్చు, అంటే 32 బిట్‌లు.

లువా అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష ఉంది, దాని 5.1 వెర్షన్ దారి వేరు. అదే లైన్ అక్కడ ఒకే ఇన్‌స్ట్రక్షన్.

(స్క్రీన్ మీద: యాడ్ 1 0 256)

మొత్తం 32 బిట్‌లు: ఆప్‌కోడ్‌కి 6, ఫలితం వెళ్లే రిజిస్టర్‌కి (వేరియబుల్ ఉండే గడికి) 8, కూడాల్సిన రెండిటికీ తొమ్మిదేసి. ఆ 256ని బైనరీలో రాస్తే ఒకటి, వెనకాల ఎనిమిది సున్నాలు. తొమ్మిదో బిట్ 1 అయితే కాన్‌స్టెంట్, 0 అయితే రిజిస్టర్. అంటే ఇది 0వ కాన్‌స్టెంట్, అదే మన 1000! ఒక్క బిట్‌తో పని కానిచ్చేశారు, ఈ తెలివి చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. అలా నేరుగా అందేవి 256 కాన్‌స్టెంట్లే. అవి దాటితే ముందు రిజిస్టర్‌లోకి లోడ్ చేసుకుని కూడాలి.

లువా 5.4లో ఆ బిట్ పరీక్ష కూడికలోంచి తీసేసి, కాన్‌స్టెంట్ కలిపే కూడికకి వేరే ఆప్‌కోడే ఇచ్చారు. ఇంకో సంగతి, అక్కడ వై + 1 రాస్తే ఆ 1 నిజంగానే ఇన్‌స్ట్రక్షన్‌లో ఉంటుంది! -127 నుంచి 128 వరకూ అంతే. 1000కి ఆ యోగం లేదు, మళ్లీ పట్టికలోకే.

టైమ్ అయిపోతోంది, జంప్‌లు, అంటే కోడ్‌లో ఇంకో చోటికి దూకే ఇన్‌స్ట్రక్షన్లు, గబగబా చెప్పేస్తా. జంప్‌కి ఆపరాండ్ అంటే దూకాల్సిన దూరం, లేదా చేరాల్సిన చోటు. పైథాన్‌లో ఆ నంబర్ బైట్ దాటితే ఎక్స్‌టెండెడ్ ఆర్గ్ చేరాలి. అది చేరితే మిగతా కోడ్ జరుగుతుంది, ఇంకో జంప్ నంబర్ పెరగొచ్చు. అందుకే సైజులు కదలకుండా నిలిచేదాకా కంపైలర్ మళ్లీ మళ్లీ లెక్కేస్తుంది. లువా 5.1లో ఈ గొడవ లేదు: జంప్‌కి 18 బిట్‌లు, అటూ ఇటూ 1,31,071. అంతకన్నా దూరమైతే "కంట్రోల్ స్ట్రక్చర్ టూ లాంగ్" అని ఎర్రర్ మన మొహాన కొట్టి ఆగిపోతుంది.