రెండో ప్లగ్ విప్పి చూశారా?

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, నన్ను పిలిచిన మిత్రులకు కృతజ్ఞతలు. ఇంకా చాలామంది పేర్లు చెప్పాలి, చెప్పలేకపోతున్నాను, ఏమీ అనుకోకండి. నాకు ఇచ్చింది 40 నిమిషాలు. అంశం మోటార్‌సైకిళ్ల ఫ్యూయల్ ఇంజెక్షన్ ట్యూనింగ్, అంటే ఇంజన్‌లోకి ఎప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలో సరిచేయడం, దాంతోపాటు ఇంజన్ వేడి. పికప్ పెంచుకోవడం ఎలాగో వినాలని కొందరు వచ్చి ఉంటారు, దాని దగ్గరికీ వస్తాను. కానీ ముందు ఈ బల్ల మీద పెట్టిన రెండు వస్తువుల సంగతి చెప్పాలి. ఒకటి పిస్టన్. ఇంకొకటి గుప్పెట్లో పట్టేంత రబ్బరు గొట్టం. 12 ఏళ్లుగా ఈ రెండూ నా దగ్గరే ఉన్నాయి, ఎక్కడ మాట్లాడమన్నా వెంట తెస్తాను.

ఒక్క ప్రశ్న. మీలో ఎంతమంది మీ బండి స్పార్క్ ప్లగ్ సొంతంగా విప్పి చూశారు? చేతులెత్తండి. బాగుంది, సగం మంది పైనే ఉన్నారు. ఇప్పుడు రెండు సిలిండర్ల బండి ఉన్నవాళ్లు మాత్రమే చెప్పండి. చేతికి అందే ప్లగ్ కాదు, అందని ప్లగ్, రెండోది, అది కూడా విప్పారా? చూడండి, ఎన్ని చేతులు దిగిపోయాయో.

ఆ రోజు నేను కూడా విప్పలేదు.

అది మా తమ్ముడి బండి. రెండు సిలిండర్లు, లిక్విడ్ కూలింగ్. "అన్నా, కాళ్లకు సెగ తగులుతోంది, ఆగినప్పుడు ఐడ్లింగ్ ఎగుడుదిగుడుగా ఉంది, ఒకసారి చూడు" అని తెచ్చి ఇచ్చాడు. నేను కార్బొరేటర్ల మీద పని నేర్చుకున్నవాణ్ణి. చెవితో విని, ప్లగ్ రంగు చూసి రోగం చెప్పేయడం అలవాటు. ఎడమవైపు ప్లగ్ చేతికి అందుతుంది, విప్పాను. మసి పట్టి నల్లగా ఉంది. కుడివైపుది విప్పాలంటే రేడియేటర్ పక్కకు జరపాలి, అరగంట పని. అది నల్లగా ఉంటే ఇదీ నల్లగానే ఉంటుందనుకున్నాను. బండి రిచ్‌గా నడుస్తోంది, పెట్రోలు ఎక్కువ పడుతోంది అని తేల్చేశాను. అప్పటికే ఆ బండికి ట్యూనింగ్ బాక్స్, అంటే పెట్రోలు లెక్కను మార్చే చిన్న డబ్బా, ఉంది. లాప్‌టాప్ తగిలించి మ్యాప్ మొత్తం మీద, అంటే ఏ వేగానికి, ఎంత థ్రాటిల్‌కు ఎంత పెట్రోలు పోయాలో గడులు గడులుగా రాసిన పట్టిక మొత్తం మీద, ఐడ్లింగ్ దగ్గర్నుంచి ఫుల్ థ్రాటిల్ దాకా, ఒకేసారి 8 శాతం పెట్రోలు కోసేశాను.

పదో రోజు వాడు, మా మరదలు కలిసి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నారు. వెనక లారీ. దాన్ని దూరం పెట్టాలని థ్రాటిల్ పూర్తిగా తిప్పాడు. డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు చప్పుడు వచ్చిందట, ఆ తర్వాత రెండు నిమిషాల్లోపే ఇంజన్ పట్టేసింది. వాడి ఎడమ చెయ్యి క్లచ్ మీదే ఉంది కాబట్టి, ఠక్కున పట్టుకున్నాడు కాబట్టి, వెనక చక్రం బిగుసుకుపోకుండా రోడ్డు పక్కకు రాగలిగారు. లారీ పక్కనుంచి వెళ్లిపోయింది. మా మరదలు ఈ విషయం మీద నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంత తేలికపడేవాణ్ణేమో.

ఇంజన్ విప్పాను. ఈ పిస్టన్ ముందు వరుసకు ఇస్తున్నాను, ఒకరి తర్వాత ఒకరు చూడండి. పైన అంచు చూడండి, ఎలుక కొరికినట్టు లేదూ? ఇది కుడివైపు పిస్టన్. కుడివైపు ప్లగ్ అప్పుడు విప్పాను. దాని తెల్ల పింగాణీ మీద మిరియం గింజ కన్నా చిన్న మెరుపు చుక్కలు. అవి పిస్టన్ నుంచి ఊడి అంటుకున్న అల్యూమినియం.

ఇప్పుడు ఈ రబ్బరు గొట్టం. గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ బాడీకి, సిలిండర్ హెడ్‌కి మధ్య ఉండేది. మామూలుగా చూస్తే దీనికేమీ లేదు. బొటనవేలితో ఇలా వంచండి. కనబడిందా? గోరు పొడవు పగులు. వదిలేస్తే మూసుకుపోతుంది, వంచితే నోరు తెరుస్తుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఇక్కణ్ణుంచి గాలి లోపలికి దూరుతోంది.

ఎడమ ప్లగ్ నల్లగా ఎందుకుందో ఇప్పుడు చెబుతాను, ఇదంతా అర్థం కావడానికి నాకు నెలరోజులు పట్టింది. ఇంజెక్షన్ బండిలో ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటర్, గాలిని కళ్లతో చూడదు, అంచనా వేస్తుంది. థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, మానిఫోల్డ్‌లో, అంటే గాలి లోపలికెళ్లే గొట్టంలో, పీడనం ఎంత, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది, లోపలికొచ్చే గాలి ఎంత వెచ్చగా ఉంది, ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఇవన్నీ చూసి ఇంజెక్టర్‌ని ఎన్ని మిల్లీ సెకన్లు తెరిచి ఉంచాలో లెక్క కడుతుంది. నిమిషానికి 6,000 సార్లు తిరిగే ఇంజన్‌లో నాలుగు స్ట్రోకుల ఒక పూర్తి చక్రానికి, అంటే రెండు చుట్లకు, దొరికేది 20 మిల్లీ సెకన్లే. మీరు రెప్ప వేసేలోపు అది కనీసం ఐదుసార్లు ఆ లెక్క కట్టేసి ఉంటుంది. లెక్క సరిగ్గా వచ్చిందా లేదా అని చెప్పేది సైలెన్సర్ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్. చాలా బండ్లలో ఉండే మామూలు సెన్సర్ చెప్పగలిగేది ఒకటే ముక్క, పెట్రోలు ఎక్కువైందా తక్కువైందా అని. 0.45 వోల్టు పైన ఉంటే ఎక్కువ, కింద ఉంటే తక్కువ. ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నది దానికి తెలియదు.

మా తమ్ముడి బండిలో ఆ సెన్సర్ రెండు పైపులు కలిసే చోట ఉంది. కుడి సిలిండర్‌లోకి పగులు గుండా అదనపు గాలి వస్తోంది. కలిసిన పొగ చూసి సెన్సర్ "పెట్రోలు చాలట్లేదు" అంది. ఈసీయూ రెండు సిలిండర్లకూ పెంచింది. దాంతో బాగున్న ఎడమ సిలిండర్‌కు ఎక్కువైంది, గాలి లీకవుతున్న కుడి సిలిండర్‌కు ఇంకా తక్కువే. సగటు మాత్రం సరిపోయింది, ఈసీయూ ఊరుకుంది. నల్ల ప్లగ్‌ని నేను రోగం అనుకున్నాను. అది పక్క సిలిండర్ రోగానికి వేసిన మందు. ఆ మందునే నేను తగ్గించాను.

అయినా పది రోజులు ఎందుకు బాగా నడిచింది? చిన్న థ్రాటిల్‌లో, నిలకడ వేగంలో ఈసీయూ సెన్సర్ మాట వింటూ ఉంటుంది. నేను కోసిన 8 శాతాన్ని అది మళ్లీ కలిపేసుకుంది. ఘాట్‌లో థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు చాలా ఈసీయూలు సెన్సర్‌ని పక్కన పెట్టి, తయారీవాళ్లు రాసిన పట్టిక ప్రకారం నడుస్తాయి. అక్కడ నా కోత అచ్చంగా పడింది. ఒక వంతు పెట్రోలుకు 13 వంతుల గాలి ఉండాల్సిన చోట 14 దాటింది. బరువు మోస్తూ ఎక్కుతున్న ఇంజన్‌కు అది చాలదు.

ఎందుకు చాలదంటే, ఇక్కడ కొంచెం నిదానంగా వినండి, చాలామంది పొరబడేది ఇక్కడే. మండుతున్న వాయువు వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. అయినా పిస్టన్ ఎందుకు కరగదు? ఒకటి, దాని వేడి రింగుల మీదుగా సిలిండర్ గోడకు, కింద నుంచి ఆయిల్‌కు క్షణక్షణం పోతూ ఉంటుంది. రెండు, పిస్టన్ తలను అంటిపెట్టుకుని కాస్త చల్లని వాయువు పలచని పొరగా ఉంటుంది. దుప్పటి అనుకోండి. బరువు మోస్తున్న ఇంజన్‌కు పెట్రోలు చాలక నాకింగ్, అంటే ఇంకా మండని మిశ్రమం తనంతట తానే పేలడం, మొదలైతే ఆ పీడన తరంగాలు దుప్పటిని చింపేస్తాయి, వేడి నేరుగా లోహానికి తగులుతుంది. ఆ గులకరాళ్ల చప్పుడు అదే. అది వినబడిన క్షణం థ్రాటిల్ వదిలేయండి, గేరు తగ్గించండి, తర్వాత ఆలోచించుకోవచ్చు.

గాలీ పెట్రోలూ ఏదీ మిగలకుండా మండే నిష్పత్తి 14.7కి 1, బరువు లెక్కలో. పెట్రోలులో 10 శాతం ఇథనాల్ ఉంటే అది 14.1కి దిగుతుంది, అందుకే ఇథనాల్ పెరిగినకొద్దీ పట్టిక ప్రకారం నడిచే చోట బండి ఇంకాస్త లీన్ అవుతుంది, అంటే పెట్రోలు తక్కువ పడుతుంది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిస్ట్ పనిచేసేది మండటం సరిసమానంగా ఉన్న ఆ ఇరుకు జాగాలోనే, కాబట్టి నిలకడ వేగంలో తయారీవాళ్లు బండిని అక్కడే పట్టి ఉంచుతారు. ఇంజన్ హెడ్ బాగా వేడెక్కేది కూడా దాదాపు ఆ చుట్టుపక్కలే. బలం కావాల్సినప్పుడు 12.8, 13.2 మధ్యకు తెస్తే, ఎక్కువైన పెట్రోలు ఆవిరవుతూ లోపల కొంత చల్లబరుస్తుంది. రిచ్ చేస్తే చల్లగా ఉంటుందన్న మాట అంతవరకు నిజం. దాన్ని పట్టుకుని ఇంకా ఇంకా పోస్తూ పోతే పెట్రోలు సిలిండర్ గోడ మీద ఆయిల్‌ని కడిగేసి కింద ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, తెలుస్తుంది.

ఈ సందర్భంలోనే ఒక మాట చెప్పి తీరాలి, చాలా బాధతో చెబుతున్నాను. గాలి వేడి కొలిచే సెన్సర్‌కు వరసలో ఒక రెసిస్టర్ తగిలించి, దాన్ని అందమైన డబ్బాలో పెట్టి, పవర్ పెరుగుతుందని అమ్ముతున్నారు. ఆ సెన్సర్ చల్లగా ఉంటే ఎక్కువ ఓమ్‌లు చూపిస్తుంది, వేడెక్కితే తక్కువ. రెసిస్టర్ కలిపితే ఎంత ఎండలోనైనా చలికాలం అనుకుని ఈసీయూ అన్నిచోట్లా పెట్రోలు పెంచుతుంది. చిన్న థ్రాటిల్‌లో ఆక్సిజన్ సెన్సర్ దాన్ని మళ్లీ తగ్గించేస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం అది అలాగే ఉండిపోతుంది, అక్కడ అవసరమా కాదా ఎవరూ కొలవలేదు. కొలవకుండా పెంచడం, కొలవకుండా తగ్గించడం, రెండూ నేను చేసిన పనే. పిల్లలు దాచుకున్న డబ్బు పెట్టి అది కొంటున్నారు. తమ్ముళ్లూ, ఆ డబ్బుతో ఒక మల్టీమీటర్ కొనుక్కోండి.

వేడి గురించి వచ్చే ఫిర్యాదుల్లో మ్యాప్‌తో పనిలేనివే ఎక్కువ. నా దగ్గరికి వచ్చే బండ్లలో నేను ముందు చూసేది రేడియేటర్ రెక్కల మధ్య ఎండిన మట్టి. ప్రెషర్ వాషర్‌తో దగ్గర్నుంచి కొడితే రెక్కలు వాలిపోతాయి, గాలి పోదు. మెల్లగా నీళ్లు పోసి కడగండి. తర్వాత మూత. మామూలు నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. సగం గ్లైకాల్ ఉన్న కూలెంట్‌ను 1.1 బార్ మూత బిగించి ఉంచితే 125 దాటినా మరగదు. ఆ మూతలో స్ప్రింగు వదులైతే కూలెంట్ ఎంత మంచిదైనా ముందే మరిగి పొంగిపోతుంది. ఫ్యాన్ చాలా బండ్లలో 100 నుంచి 105 డిగ్రీల మధ్య తిరగడం మొదలుపెడుతుంది, కాబట్టి సిగ్నల్ దగ్గర మీటరు 100 చూపిస్తే కంగారు పడకండి. పైకి పోతూనే ఉండి ఫ్యాన్ తిరగకపోతే అప్పుడు పడండి. గాలితో చల్లబడే ఇంజన్ మండిపోతోందని నీళ్లు గుమ్మరించేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి, లోహం ఒకచోట ముడుచుకుని ఇంకోచోట ముడుచుకోక వంకర పోతుంది.

ఇంకొకటి టాపెట్లు, వాల్వుల్ని తెరిచే భాగాలు, వాటి దగ్గర సన్నని సందు ఉండాలి. చప్పుడు వస్తే భయపడి బండి తెస్తారు. నిజానికి చప్పుడు ఆగిపోతే భయపడాలి. వాల్వు తన సీటులోకి అరిగి దిగేకొద్దీ సందు తగ్గుతుంది, బండి నిశ్శబ్దంగా ఉంటుంది, లోపల ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోదు. దాని వేడి పోయే దారి ప్రధానంగా ఆ సీటే. అక్కడ తాకకపోతే వాల్వు కాలిపోతుంది. కిలోమీటర్లు లెక్కపెట్టి సందు కొలిపించండి, చెవిని నమ్మకండి. చెవితో బతికినవాణ్ణి నేను చెబుతున్నాను.

సరే, ట్యూనింగ్. ముందు ఆరోగ్యం చూడాలి. ఎయిర్ ఫిల్టర్, రెండు ప్లగ్‌లు, రెండూ, టాపెట్లు, పెట్రోలు పీడనం. పీడనం చాలా బండ్లలో 3 బార్ ఉంటుంది, అది తగ్గితే మీరు మ్యాప్‌లో రాసిన ఏ అంకెకూ అర్థం ఉండదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఆ రబ్బరు గొట్టాల మీద స్ప్రే సీసాతో కాసిన్ని నీళ్లు చిలకరించండి. ఐడ్లింగ్ మారితే అక్కడ లీకు ఉన్నట్టే. సైలెన్సర్ బిగించే గ్యాస్కెట్ కూడా చూడండి, సెన్సర్‌కు ముందు అక్కడ లీకు ఉంటే బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్ అబద్ధం చెబుతుంది, బండి ఊరికే రిచ్ అవుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టండి, అది ఎంత ఎక్కువో ఎంత తక్కువో అంకెలో చెబుతుంది. వీలైతే డైనో మీద, అంటే బండిని నిలబెట్టి చక్రం తిప్పి బలం కొలిచే యంత్రం మీద, రోడ్డు మీద కాదు. ఒక గడిలో 2 శాతం, 3 శాతం మార్చండి, నడపండి, రికార్డు చేయండి, మళ్లీ చూడండి. మొత్తం మ్యాప్ మీద ఒకే అంకె ఎప్పుడూ వేయకండి. ఎవరో పంపిన మ్యాప్ అసలే వేయకండి, వాళ్ల ఇంజన్‌లో పగిలిన రబ్బరు మీ ఇంజన్‌లో పగల్లేదు, మీది వాళ్ల ఇంజన్‌లో పగల్లేదు.

పిస్టన్ ఎక్కడిదాకా వెళ్లింది? వెనక వరుసకా? మంచిది, చూశాక ఇక్కడ బల్ల మీద పెట్టేయండి. బయట ఒక రెండు సిలిండర్ల బండి పెట్టించాను, యజమాని ఇక్కడే ఉన్నారు, కాళ్లకు సెగ తగులుతోందని ఆయన కూడా అంటున్నారు. నేను మాట్లాడటం మొదలుపెట్టక ముందే ఇంజన్ ఆపించాను, రేడియేటర్ పట్టుకోగలిగేంత చల్లారి ఉంటుంది. టార్చి ఉన్నవాళ్లు తెచ్చుకోండి. రేడియేటర్ జరిపి కుడివైపు ప్లగ్ నుంచి మొదలుపెడదాం.