నల్లరాయి నల్లగానే ఉండాలి: రామప్ప మదనికల ఫొటోలు ఎడిట్ చేసే పద్ధతి

నమస్కారం. తెర కనిపిస్తోంది కదా? డార్క్‌టేబుల్ తెరిచి పెట్టాను. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరే, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. కింద వరసగా ఉన్నవి ఫొటోలు, కుడివైపు ఉన్నవి మాడ్యూళ్లు, అంటే ఒక్కో పనికి ఒక్కో పనిముట్టు. ఇవాళ మన పనంతా కుడివైపే.

ఈ ఫొటోలన్నీ రామప్ప గుడిలో తీసినవి. హనుమకొండ నుంచి ములుగు మీదుగా పాలంపేట. ఫొటోగ్రఫీ నా వృత్తి కాదు, సెలవు దొరికితే కెమెరా సంచి భుజాన వేసుకుని బస్సెక్కడమే. లెన్స్ కూడా కెమెరాతో పాటు పెట్టెలో వచ్చిన 18-55 మిల్లీమీటర్ల జూమే. దాన్నే 55 దగ్గర పెట్టి తీశాను. మదనిక అంటే చూరు కింద ఒరిగి ఉండే స్త్రీ శిల్పం, కింద నిలబడి ఆమెను తీయడానికి అది చాలు.

సరే, మొదటి ఫొటో. ఇదిగో, ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న మదనిక. ఈమె అందరికీ తెలుసు, గైడ్లు అందరికంటే ముందు ఈమె పాదాలే చూపిస్తారు. ఇప్పుడు వెనక చూడండి. గుడి గోడలు, స్తంభాలు ఎర్రటి ఇసుకరాయి. మదనిక మాత్రం నల్లశానపు రాయి, డోలరైట్ అంటారు. 1213లో, గణపతిదేవుడి కాలంలో, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ రాయి నునుపు తగ్గలేదు. ఆ నునుపుతోనే మనకు చిక్కు.

ఎలాగంటే, చూడండి. ఎక్కువమంది ఏం చేస్తారు? ఫొటో తెరుస్తారు, మదనిక నల్లగా కనిపిస్తుంది, వెంటనే షాడోస్ స్లైడర్ పట్టుకుని కుడికి లాగేస్తారు. నేనూ లాగుతాను, చూడండి. ఇంకా, ఇంకా. అయిపోయింది. బూడిద పూసినట్టు తయారైంది. వివరాలు బయటికి వచ్చాయి, నిజమే, కానీ రాయి పోయింది. ఇది ఏ సిమెంటు బొమ్మయినా కావచ్చు. వెనక్కి తీసుకుంటున్నాను. కంట్రోల్, జెడ్.

నునుపైన నల్లరాయిలో ఆకారం నీడల్లో ఉండదు. మెరుపులో ఉంటుంది. భుజం మీద ఈ సన్నటి తెల్ల గీత చూడండి, పెద్దది చేస్తాను. ఇక్కడ. మోకాలి మీద ఇంకొకటి. నడుము వంపులో ఇంకొకటి. ఈ గీతలే ఆమె. మిగతాదంతా నలుపు, నలుపుగానే ఉండనివ్వాలి. మనం పెంచాల్సింది ఈ గీతల్ని మాత్రమే. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇంతే, ఇక మిగిలినదంతా ఎక్కడ నొక్కాలన్నదే.

అయితే ఆ మెరుపు ఫొటోలో ఉండాలి కదా ముందు. అందుకే తీసేటప్పటి సంగతి కొంచెం చెబుతాను. పొద్దున్నే వెళ్లాలి, బంగారు వెలుగు ఉంటుంది అంటారు అందరూ. గుడి మొత్తాన్ని తీయాలంటే అది సరే, గుడి తూర్పు ముఖంగానే ఉంది. మదనికల కోసమైతే నేను మధ్యాహ్నమే వెళతాను. పైన చూరు అడ్డం ఉంటుంది, ఎండ నేరుగా బొమ్మ మీద పడదు. కింద రాతి అరుగు మీద పడి, అక్కడి నుంచి పైకి లేస్తుంది. ఆ వెలుగు మెత్తగా ఉంటుంది, కింది నుంచి వస్తుంది, గడ్డం కిందా చేతుల కిందా గీతలు గీస్తుంది. ఈ రెండు ఫొటోలు పక్కపక్కన పెడుతున్నాను. ఎడమది పొద్దుటిది, కుడిది మధ్యాహ్నానిది. ఎడమ దాంట్లో ముఖం సగం మాయం. తేడా నేను చెప్పనక్కరలేదు.

ఇంకొకటి, ఉత్తర ద్వారం వైపు బొమ్మలకు చలికాలంలో ఎండ తగలదు. వేసవిలో వెళ్లండి. మన దగ్గర మే సగం నుంచి జులై చివరిదాకా సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా వెళతాడు, అప్పుడు ఆ వైపు అరుగు కూడా వెలుగుతుంది. జూన్‌లో మబ్బు పట్టకుండా ఉంటే. మబ్బు పట్టినా ఫర్వాలేదు, మబ్బు వెలుగు కూడా నల్లరాయికి మంచిదే.

కెమెరా కొలత విషయం త్వరగా చెప్పేస్తాను. కెమెరా మీటరు దేన్ని చూసినా మధ్యరకం బూడిద రంగు అనుకుంటుంది. ఫ్రేము నిండా నల్లరాయే ఉంటే అనవసరంగా వెలుగు పెంచేస్తుంది, కాబట్టి కెమెరాలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (వెలుగు హెచ్చుతగ్గుల సర్దుబాటు) మైనస్ 1 పెట్టండి. బొమ్మ వెనక ఆకాశం ఉంటే దీనికి తలకిందులు, వెలుగు తగ్గించేస్తుంది, ప్లస్ 1 పెట్టండి. అసలు వెనక ఆకాశం పడకుండా రెండడుగులు పక్కకు జరిగి చూరును నేపథ్యంగా తీసుకుంటే ఈ గొడవే లేదు. ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి కావాలి కాబట్టి చేత్తోనే తీస్తాను, ఐఎస్ఓ 800. ఫైలు మాత్రం రా ఫైలే, అంటే కెమెరా పట్టినది పట్టినట్టు దాచే ఫైలు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ రా ఫైలులో 16,384. నలుపులో పని చేసేటప్పుడు ఆ మెట్లన్నీ కావాలి.

సరే, ఎడిటింగ్. వైట్ బ్యాలెన్స్, కెమెరాది అలాగే ఉంచాను. ఎక్స్‌పోజర్, కొంచెం పైకి, ఇంతే. రొటేట్ అండ్ పర్‌స్పెక్టివ్, ఇక్కడ స్తంభం అంచు పట్టుకుని నిలువు చేయండి. మదనికను పట్టుకుని నిలువు చేయకండి, ఆమెను చెక్కిందే ఏటవాలుగా, స్తంభం నుంచి చూరు దాకా ఒరిగి ఉంటుంది. క్రాప్. అయింది. అన్నట్టు, ఏ స్లైడర్ అయినా పాడైతే దాని పేరు మీద రెండుసార్లు నొక్కండి, మొదటికి వచ్చేస్తుంది. స్లైడర్ మీద కుడి క్లిక్ చేస్తే అంకె టైపు చేయవచ్చు. మౌస్‌తో లాగి లాగి విసుగెత్తితే నేను అదే చేస్తాను.

ఇప్పుడు టోన్ ఈక్వలైజర్. ఇక్కడ నెమ్మదిగా వెళదాం. నన్ను చాలాకాలం ఆపేసిన మాడ్యూల్ ఇదే, దీని గురించి నాకు దొరికిన వీడియోలన్నీ ఆ ఒక్క మెట్టునే దాటేసి వెళ్లిపోయాయి.

ఇది ఫొటోలోని వెలుగును తొమ్మిది పట్టీలుగా విడగొడుతుంది. మైనస్ 8 నుంచి సున్నా దాకా. మైనస్ 8 అంటే చిమ్మచీకటి, సున్నా అంటే ఆకాశం. ఏ పట్టీని కదిలిస్తే ఆ వెలుగున్న చోటే మారాలి. మారాలి కదా? చూడండి, మైనస్ 4 పెంచుతున్నాను. రాయి పెరిగింది, గోడా పెరిగింది, చూరూ పెరిగింది. అన్నీ కలిసి పెరిగాయి. ఎందుకు?

మాస్కింగ్ అనే ట్యాబ్ నొక్కండి. మాస్క్ అంటే ఏ చోటు ఏ పట్టీలో పడాలో సాఫ్ట్‌వేరు చూసుకునే నలుపు తెలుపు పటం. అడుగున హిస్టోగ్రామ్ చార ఉంది, వెలుగు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పరుచుకుందో చూపిస్తుంది, చూశారా? మొత్తం ఒక మూలకు నొక్కుకుని కూర్చుంది. అంటే సాఫ్ట్‌వేరు దృష్టిలో ఈ ఫొటో అంతా ఒకటో రెండో పట్టీల్లోనే ఉంది. మరి ఏ పట్టీ కదిపితే ఏముంటుంది? ముందు దీన్ని పరచాలి. ఇక్కడ మాస్క్ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అని ఉంది, దాని చివర చిన్న మంత్రదండం బొమ్మ. నొక్కండి. హిస్టోగ్రామ్ మధ్యకు వచ్చింది. దాని కింద మాస్క్ కాంట్రాస్ట్ కాంపెన్సేషన్, దానికీ మంత్రదండం ఉంది. నొక్కండి. విచ్చుకుంది. మళ్లీ మొదటిది. మళ్లీ రెండోది. ఒకదాన్ని నొక్కితే రెండోది కొంచెం జరుగుతుంది, అందుకే మార్చి మార్చి నొక్కాలి. ఇప్పుడు చూడండి, ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుంది. ఇదీ కావలసింది.

ఇంకా ఉంది, ఆగండి. కింద మాస్క్ చూపించే గుర్తు ఉంది, నొక్కుతున్నాను. ఫొటో నలుపు తెలుపుగా మారింది. మదనిక చేయి అంచు చూడండి, గోడకు ఎదురుగా పదునుగా తెగాలి, లోపల మాత్రం మెత్తగా ఉండాలి. అంచు అలుక్కుపోయి ఉంటే తర్వాత చేతి చుట్టూ తెల్లటి వలయం వస్తుంది. స్మూదింగ్ డయామీటర్ తగ్గించాను. ఇంకొంచెం. ఆ, తెగింది. మాస్క్ ఆపేస్తున్నాను.

ఇప్పుడు స్లైడర్లు అక్కర్లేదు. మౌస్‌ను ఫొటో మీదే, భుజం మీది ఆ గీత మీద పెట్టి, చక్రం పైకి తిప్పండి. గీత వెలిగింది! నలుపు కదలలేదు. మోకాలి దగ్గర కూడా కొంచెం. ఇప్పుడు నలుపు మీద పెట్టి చక్రాన్ని ఒక్క మెట్టు కిందికి. అవును, కిందికి. నల్లరాయిని ఇంకా నల్లగా చేస్తున్నాను, గీతలు వాటంతట అవే పైకి తేలాయి. ముందు, తర్వాత. ముందు, తర్వాత. నాకు ఇక్కడ ఆపేయడమే ఇష్టం. కొందరు దీనిమీద క్లారిటీ, షార్ప్‌నెస్ కూడా దట్టిస్తారు, నునుపు పోయి రాయి గరుకెక్కుతుంది.

ఈ నాగిని ఫొటో కూడా చూపిస్తాను. ఫొటోలన్నీ పరిచి కనిపించే తెర, లైట్‌టేబుల్‌లోకి వెళ్లి, మొదటి ఫొటో మీద కంట్రోల్ సి, దీనిమీద కంట్రోల్ వి. మార్పులన్నీ వచ్చేస్తాయి. కానీ మంత్రదండాలు మాత్రం మళ్లీ నొక్కాలి, వెలుగు వేరు కదా. నిజం చెప్పాలంటే ఈ ఫొటో నాకు అంత నచ్చలేదు. పాము చుట్టలు బాగా వచ్చాయి, కానీ కుడిపక్క ఎండ పడిన ఇసుకరాయి చూపును లాగేసుకుంటోంది. క్రాప్ చేస్తే చేయి తెగుతుంది. ఇలాగే ఉంచాను, వెలుగు బాగున్న రోజు ఇంకోసారి తీయాలి.

ఎక్స్‌పోర్ట్. జేపెగ్, నాణ్యత 95, పొడవు వైపు 2048, ప్రొఫైల్, అంటే రంగుల పద్ధతి, ఎస్ఆర్‌జీబీ. ఈ ప్రొఫైల్ చూసుకోండి, అడోబ్ ఆర్‌జీబీలో పెడితే కొన్ని ఫోన్లలో ఎర్రరాయి వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే కుదించేస్తుంది, ఇంత కష్టపడి దాచుకున్న నలుపులో మరకలు మరకలుగా చారలు పడతాయి. ప్రింటు తీయిస్తే మ్యాట్ కాగితం అడగండి. మెరిసే కాగితం మీద గదిలోని ట్యూబులైటు కూడా మదనిక భుజం మీదికి వచ్చి కూర్చుంటుంది.

ఎక్స్‌పోర్ట్ అయిపోయింది. రామప్ప దాకా వెళ్లలేనివాళ్లు హనుమకొండలోనే, వేయిస్తంభాల గుడి నంది మీద ఇది చేసి చూడవచ్చు. అదీ నల్లరాయే, అదీ నునుపే. ఒక్క తేడా, నంది ఆరుబయట ఉంది, చుట్టూ ఆకాశం ఎక్కువ. కాబట్టి టోన్ ఈక్వలైజర్‌లో మైనస్ 1, సున్నా, ఆ రెండు పట్టీల్ని ఇంకొంచెం కిందికి లాగండి.