‘బరంపురం మనిషి పేరు మనకెందుకు?’ – వి.వి.గిరి మీద నెల్లూరు స్టూడియోలో జరిగిన చర్చ

కావలి పక్కన కార్మికులు చందాలు వేసుకుని ఒక భవనం కట్టుకుంటున్నారు. దానికి మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి పేరు పెట్టాలని కొందరు, వద్దని కొందరు పట్టుబట్టారు. టీ బంకుల దగ్గర మొదలైన ఆ పంచాయితీ చివరికి నెల్లూరులోని ఒక లోకల్ ఛానల్ స్టూడియోకి చేరింది. గిరి గురించి మన జిల్లాల్లో ఇంతసేపు మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. అందుకే కూర్చుని రాసుకున్నాను. ఒకరి మాట మీద ఒకరు పడ్డ చోట్లు కూడా అలాగే ఉంచాను.

యాంకర్: నమస్కారం. మన సర్వేపల్లి పేరు ఇంటిపేరుగా ఉన్న రాధాకృష్ణన్ గారు ప్రతి బడి పిల్లవాడికీ తెలుసు. గిరి గారు ఎందరికి తెలుసు? ఆయన పేరు ఇక్కడ పెట్టాలా? ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను. 1969లో తెలుగువాడైన నీలం సంజీవరెడ్డిని ఓడించింది ఇంకో తెలుగువాడైన గిరి గారే కదా? ముందు మాస్టారు చెప్పండి.

చరిత్ర మాస్టారు: పుట్టింది 1894లో, బరంపురంలో. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా, ఇప్పుడు ఒడిశా. ఇంట్లో మాట్లాడేది తెలుగే, తండ్రి జోగయ్య పంతులు గారు లాయరు. 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అక్కడ ఇంగ్లీషు పాఠం చెప్పిన థామస్ మెక్‌డొనా, 1916లో బ్రిటిష్ పాలన మీద ఐర్లాండులో లేచిన ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో ఒకడు. బ్రిటిష్ వాళ్లు ఆయన్ని కాల్చి చంపారు. ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడు, నిన్న పాఠం చెప్పిన పంతులు ఇవాళ...

రైల్వే పెద్దాయన: అది సరే మాస్టారూ, ఐర్లాండు తర్వాత చూద్దాం. రైల్వే సంగతి చెప్పండి ముందు!

మాస్టారు: వస్తున్నానయ్యా, ఆ ఏడే ఆయన దేశానికి తిరిగి రావాల్సి వచ్చింది...

రైల్వే పెద్దాయన: నేను చెప్తా. మాది బిట్రగుంట. ఆవిరింజన్ల కాలంలో ఆ షెడ్డు ఎట్టా ఉణ్ణిందో చూసినోళ్లకే తెలుసు. గిరి గారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల్ని కూడగట్టినాడు. 1928లో సమ్మె నడిపినాడు, ఎవురి మీదా చెయ్యెత్తకుండా గెలిపించినాడు. ఆలిండియా రైల్వేమెన్ ఫెడరేషన్ పెట్టినోళ్లలో ఆయన ముందు. రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల తరఫున లండన్ పొయ్యొచ్చినాడు. ఏ ఊరోడైతే ఏంది? పట్టాలకి జిల్లా సరిహద్దులు ఉంటాయా?

లాయరు: ఒక్క నిమిషం. నాకు ఆయన మీద కోపం లేదు. కానీ...

రైల్వే పెద్దాయన: ‘కానీ’ అన్నావంటే ఉన్నట్టే!

(నవ్వులు)

లాయరు: మాది ఒంగోలు. మాకు ప్రకాశం పంతులు గారు ఉన్నారు. జిల్లాకే ఆయన పేరు. ఆయన్ని పక్కనపెట్టి...

మాస్టారు: పక్కన పెట్టడం ఎందుకండీ? 1946లో ప్రకాశం గారు మద్రాసు ముఖ్యమంత్రి అయినప్పుడు ఆ మంత్రివర్గంలో కార్మిక శాఖ చూసింది గిరి గారే. ఇంకోటి, ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం పేరు పెట్టింది 1972లో. ఆ రెండుసార్లూ దేశానికి రాష్ట్రపతి గిరి గారే.

యాంకర్: ఇది బావుంది. అయితే అసలు ప్రశ్నకి వద్దాం. తెలుగువాణ్ణి తెలుగువాడు...

లాయరు: మాస్టారూ, అప్పటి ప్రకాశం జిల్లా వేరు. 2022లో కందుకూరుని తీసుకెళ్లి నెల్లూరులో కలిపారు. ఇప్పుడు మీరు...

రైల్వే పెద్దాయన: కందుకూరు మాదైతే మీకెందుకు బాధ?

లాయరు: మాదే అది! మా అత్తగారి ఊరది!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. రెండు నిమిషాల పాటు కందుకూరు గేదెలు, కందుకూరు రోడ్లు. గిరి ప్రస్తావన లేదు.)

యాంకర్: దయచేసి, దయచేసి. అమ్మాయ్, నువ్వు పరిశోధన చేస్తున్నావు. 1969 ఎన్నిక గురించి చెప్పమ్మా.

పరిశోధక విద్యార్థిని: చెప్తాను మేడం. జాకిర్ హుస్సేన్ గారు మే 3న చనిపోయారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న 14 పెద్ద బ్యాంకుల్ని జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం చేశారు. మర్నాడే రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా పోటీకి దిగారు. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డి గారు. ఇందిరాగాంధీ మాత్రం అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటెయ్యమన్నారు. మొదటి లెక్కింపులో గిరి గారి ఓట్ల విలువ 4,01,515, రెడ్డి గారిది 3,13,548. గెలుపుకి కావాల్సిన కోటా ఎవరూ దాటలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపాకే 4,20,077 వచ్చి గెలిచారు. స్వతంత్రంగా నిలబడి రాష్ట్రపతి అయింది ఆయన ఒక్కరే.

యాంకర్: అంటే తెలుగువాణ్ణి ఓడించడానికి ఢిల్లీ ఒక తెలుగువాణ్ణి వాడుకుందా?

విద్యార్థిని: అలా అనలేను మేడం. సంజీవరెడ్డి గారు 1977లో ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు కదా.

యాంకర్: అది ఎనిమిదేళ్ల తర్వాత. అప్పటి గాయం సంగతి అడుగుతున్నా...

లాయరు: గాయం అంటే గుర్తొచ్చింది. 1957లో పార్వతీపురంలో గిరి గారు ఓడిపోయారు. అది ఇద్దరు సభ్యుల లోక్‌సభ నియోజకవర్గం. ఒకటి గిరిజనులకి రిజర్వు, ఒకటి జనరల్. ఆ జనరల్ సీటు కూడా గిరిజన అభ్యర్థి దిప్పల సూరిదొరకే దక్కింది. గిరి గారు సుప్రీంకోర్టు దాకా పోయారు, 1959లో ఓడిపోయారు. రిజర్వుడు అభ్యర్థికి ఓట్లు ఎక్కువొస్తే జనరల్ సీటు కూడా అతనిదే అంది కోర్టు. 1961లో ఇద్దరు సభ్యుల పద్ధతినే తీసేశారు. కార్మికుల మనిషి, గిరిజనుడి గెలుపు మీద కోర్టుకి పోవడమేంటి?

రైల్వే పెద్దాయన: కోర్టుకి పోతే తప్పా? నువ్వు లాయరువే గదయ్యా!

లాయరు: నేను అడుగుతున్నది...

రైల్వే పెద్దాయన: కోర్టు మాట ఎత్తినావు కాబట్టి విను. ఆయన రాష్ట్రపతి ఎన్నిక మీద కేసు పడితే, 1970లో రాష్ట్రపతి కుర్చీలో ఉండి, తనే సుప్రీంకోర్టుకి పోయి సాక్ష్యం చెప్పినాడా లేదా?

లాయరు: చెప్పారు. అది నేనూ ఒప్పుకుంటాను. పిటిషన్ కూడా కొట్టేశారు. రాష్ట్రపతి భవన్‌లోనే వాంగ్మూలం ఇవ్వొచ్చు, ఆయన ఇవ్వలేదు. గొప్ప విషయమే. కానీ కుర్చీ ఎక్కాక పెట్టిన సంతకాలు చూడండి. పాత సంస్థానాల రాజుల గుర్తింపు రద్దు చేసే ఉత్తర్వు మీద 1970 సెప్టెంబరులో సంతకం పెట్టారు. డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టే కాగితం ఆయన సోవియట్ పర్యటనలో ఉండగా కీవ్‌కి పంపితే, అక్కడే సంతకం పెట్టేశారు. నాలుగు రోజులు ఆగి, ఇంటికొచ్చి చూస్తానని అనలేకపోయారా?

రైల్వే పెద్దాయన: 1954 చెప్పు! 1954 చెప్పవేం? బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన జీతాల తీర్పుని ప్రభుత్వం తగ్గిస్తే కేంద్ర కార్మిక మంత్రి పదవి వదిలేసినాడు. మంత్రి పదవబ్బా! ఇప్పుడు వార్డు మెంబరు పదవి వదులుతారా ఎవరైనా? ఎవరి కోసం? గుమాస్తాల కోసం! పదిహేనేళ్ల తర్వాత బ్యాంకుల జాతీయం మీద సంతకం పెట్టింది ఎవురు? ఆయనే! నేను చెప్పేది ఒకటే...

యాంకర్: మీరు ఇందాకట్నుంచి చెప్తూనే ఉన్నారు సార్.

రైల్వే పెద్దాయన: చెప్పనీ అమ్మా. మా నాయన ఇంజన్ మీద డ్యూటీ. రాత్రి డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ వచ్చి తలుపు కొడితే లైన్ బాక్సు ఎత్తుకొని పొయ్యేవాడు. ఇంత రేకు పెట్టె, నల్ల రంగు. దాని మూత లోపల వైపు గిరి గారి ఫొటో అంటించుకోనుండె. పేపర్లో కత్తిరించి, మైదా అంటుతో. ఎర్ర జెండా, పచ్చ జెండా, చొక్కా, సద్ది. మూత తీస్తే ముందు కనపడేది ఆ మొహమే. మాకు బరంపురం యాడుందో తెలవదు. ఆయన మా మనిషి, అంతే.

(స్టూడియో కాసేపు నిశ్శబ్దం. చర్చ మొత్తంలో ఎవరూ ఎవరికీ అడ్డం రానిది ఇక్కడే.)

విద్యార్థిని: పెద్దనాన్నా, ఒకటి అడగొచ్చా? 1974 మే 8న దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది. 20 రోజులు నడిచింది. వేలమందిని అరెస్టు చేశారు. సమ్మెకి ముందున్నది గిరి గారు పునాది వేసిన ఆ ఫెడరేషనే. అప్పుడు రాష్ట్రపతి...

రైల్వే పెద్దాయన: తెలుసమ్మా.

విద్యార్థిని: గిరి గారే కదా. ఆయన ఆపలేకపోయారు. మరి మీ నాన్నగారు...

రైల్వే పెద్దాయన: ఆ 20 రోజులు ఇంటికి రాలేదు మా నాయన. మామిడి తోపుల్లో పడుకున్నాడు. వచ్చినాక పెట్టె మూత తీసి, గోరుతో ఆ ఫొటో గీకినాడు. సగం వచ్చింది, సగం రాలేదు. మైదా అంటు గదా, రేకుని పట్టేసింది. ఆ సగం మొహంతోనే రిటైర్ అయ్యేదాకా డ్యూటీ చేసినాడు. (గొంతు పెంచి) అయినా రాష్ట్రపతికి అధికారం యాడుంది? ప్రధాని చెప్తే సంతకం పెట్టాల, అంతే!

లాయరు: అదే కదా నేను ఇందాక అన్నది! కీవ్ సంగతి చెప్తే మీరు ఒప్పుకోలేదు. ఇప్పుడు అధికారం లేదంటారా?

రైల్వే పెద్దాయన: అదీ ఇదీ ఒకటి కాదు!

లాయరు: ఎందుకు కాదు? అధికారం లేదంటే బ్యాంకుల గొప్పా ఆయనది కాదు, సమ్మె తప్పూ ఆయనది కాదు. రెండూ...

రైల్వే పెద్దాయన: బ్యాంకులు వేరు! 1954లో ఆ పని కోసం పదవి వదిలినోడు...

మాస్టారు: నాకు నిమిషం ఇస్తే... గిరి గారి పద్ధతి అని ఒకటి ఉండేది. కోర్టు, ట్రిబ్యునల్ తర్వాత, ముందు యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన వాదన. మంత్రిగా ఉన్నప్పుడూ దాన్నే పట్టుకున్నారు. 1974లో ఆ మాటలు కుదరకుండానే సమ్మె ముదిరింది. ఆయన మనసులో ఏముందో...

రైల్వే పెద్దాయన: బాధపడుంటాడు మాస్టారూ!

మాస్టారు: పడి ఉండొచ్చు. నేను చరిత్ర చెప్పేవాణ్ణి, ఊహ చెప్పలేను.

యాంకర్: టైం దగ్గర పడింది. ఒక్క మాటలో చెప్పండి. 1969లో తెలుగువాడే తెలుగువాడికి...

లాయరు: మేడం, ఆ ప్రశ్న నాలుగోసారి. కొత్త పేరు పెట్టేటప్పుడు 1974 కూడా ఆ గోడ మీద రాయాలి, అదే నా మాట.

విద్యార్థిని: నేనూ అదే అంటాను. ఐర్లాండు, 1928 సమ్మె, 1954, 1974 అన్నీ రాసి పెట్టండి. 1975లో భారతరత్న వచ్చిందని ఒక్క ముక్క రాసి వదిలేస్తే...

రైల్వే పెద్దాయన: రాయండి! ఎవరొద్దన్నారు? కానీ పేరు మాత్రం గిరి గారిదే! పైసాపైసా వేసుకున్నది మేము. ఇటుక మాది, సిమెంటు మాది, పేరు మాది!

లాయరు: అంటే చర్చే అక్కర్లేదా ఇక?

రైల్వే పెద్దాయన: చర్చ మీరు పెట్టుకున్నారు, మేము గోడలు కట్టుకున్నాము!

యాంకర్: సరే, గిరి గారి పేరు పెట్టాలన్నదే ఇక్కడి మెజారిటీ అభిప్రాయంగా కనిపిస్తోంది...

విద్యార్థిని: నేను అలా అనలేదు మేడం.

మాస్టారు: నేనూ ఏదీ అనలేదమ్మా.

యాంకర్: సమయం లేదు సార్. వచ్చే వారం కందుకూరు మీద ప్రత్యేక చర్చ...

రైల్వే పెద్దాయన: అమ్మాయ్, ఆ పెట్టె ఇంకా మా ఇంట్లోనే ఉండాది. బిట్రగుంటకి రా, చూపిస్తా.