‘ముందు ఫ్యాన్ ఆపండి’: వీడియో శిక్షణపై ఫోన్-ఇన్

(విజయవాడలో ఆదివారం ఉదయం జరిగిన ప్రత్యక్ష ప్రసారానికి అక్షర రూపం. లైన్ తెగినచోట అలాగే వదిలేశాం. ఫోన్ చేసినవారి పేర్లు ఇవ్వలేదు.)

యాంకర్: నమస్కారం. ఈ రోజు మనతో ఉన్న మాస్టారు మన ఊళ్లోనే, లాభం చూసుకోకుండా నడిచే ఒక కమ్యూనిటీ మీడియా కేంద్రంలో సినిమా తియ్యడం నేర్పుతారు. అంతకుముందు పాతికేళ్లు పెళ్లి వీడియోలు తీశారు.

మాస్టారు: ఇరవై రెండేళ్లు తీశానండీ. మిగతా మూడేళ్లు కెమెరా అప్పులు తీర్చాను.

యాంకర్: (నవ్వు) కేంద్రంలో ఏం చేస్తారో రెండు ముక్కల్లో చెప్పండి.

మాస్టారు: సాయంత్రం క్లాసులు ఉంటాయి. క్లాసు పూర్తిచేసినవాళ్లకి కెమెరా, మైకు, లైటు తక్కువ అద్దెకి ఇస్తాం. తీసింది తెచ్చి అందరి మధ్యా కూర్చుని చూడాలి, తిట్లు తినాలి. ఫీజు ఎవరి సంపాదనను బట్టి వాళ్లకి. అసలు కట్టలేనివాళ్లు శనివారం వచ్చి కేబుళ్లు చుట్టి, కుర్చీలు సర్దుతారు. ఎవరు ఎంత కట్టారో క్లాసులో చెప్పం.

యాంకర్: మొదటి కాలర్ గుంటూరు బ్రాడీపేట నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. మావాడు డిగ్రీ ఫైనలియర్. కెమెరా కొనమని ఒకటే గొడవ. లక్షా ఇరవై వేలంట, ఈఎంఐలో ఇస్తామంటున్నారు...

మాస్టారు: కొనకండి.

కాలర్: అది కాదు సార్, ఈ నెలాఖరు దాకే ఆఫరు...

మాస్టారు: ఆఫరు వచ్చే నెలా ఉంటుంది, కొనకండి. అబ్బాయి దగ్గర ఫోనుంది కదా? దాంతో మూడు నిమిషాల సినిమా ఒకటి తియ్యమనండి. అందులో మాటలు మీకు స్పష్టంగా వినపడాలి. అప్పుడు మళ్లీ ఫోన్ చెయ్యండి. బాడీ కొన్నాక లెన్సంటాడు, లెన్సయ్యాక కెమెరా ఊగకుండా పట్టే గింబల్ అంటాడు, ఆ తర్వాత డ్రోన్. నాకెలా తెలుసంటే నేనూ అదే వరసలో కొన్నాను.

యాంకర్: థాంక్యూ అండీ. పటమట నుంచి ఎవరో ఉన్నారు.

కాలర్: సార్, నేను పీజీ చేస్తున్నాను. మా అమ్మమ్మ స్వాతంత్ర్యం వచ్చినప్పటి కబుర్లు చెబుతుంటే ఫోన్లో తీశాను. బొమ్మ బాగానే ఉంది. మాటలే బావిలోంచి వస్తున్నట్టున్నాయి.

మాస్టారు: ఫోన్ ఎంత దూరంలో పెట్టావమ్మా?

కాలర్: ఎదురుగా స్టాండ్ మీద. ఆరడుగులుంటుందేమో.

మాస్టారు: ఫ్యాన్ తిరుగుతోందా?

కాలర్: మే నెల సార్...

మాస్టారు: ముందు ఫ్యాన్ ఆపండి. పది నిమిషాలు తియ్యి, ఐదు నిమిషాలు ఫ్యాన్ వేసి ఆవిడకి మజ్జిగ ఇయ్యి, మళ్లీ తియ్యి. ఫ్రిజ్ కూడా ఆపాలి. ఫ్రిజ్ ఆపితే మళ్లీ వెయ్యడం మర్చిపోతాం కదా, దానికో చిట్కా ఉంది. నీ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టు. తాళం లేకుండా ఇంట్లోంచి కదల్లేవు, అప్పుడు గుర్తొస్తుంది. బట్టకి గుచ్చుకునే చిన్న కాలర్ మైక్ ఒకటి తీసుకో, వైరుదే చాలు. రొమ్ము మీద, గడ్డానికి జానెడు కింద పెట్టు. పైన పమిట కప్పేస్తే గరగరమంటుంది. అమ్మమ్మ చేతికి గాజులున్నాయా?

కాలర్: ఉన్నాయి సార్. నాలుగేసి.

మాస్టారు: తియ్యమనొద్దు, బాధపడతారు. ఒడిలో చిన్న దిండు పెట్టి, చేతులు దాని మీద పెట్టుకోమను. చివర్లో ఎవరూ మాట్లాడకుండా గది చప్పుడు అర నిమిషం రికార్డు చేసుకో. ఎడిటింగ్‌లో మాటకీ మాటకీ మధ్య అతుకు వెయ్యడానికి పనికొస్తుంది.

కాలర్: ట్యూబ్‌లైట్ కింద తీస్తే గీతలు కదులుతున్నాయి సార్.

మాస్టారు: మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుందమ్మా, దాంతో లైటు మినుకుతుంది. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో యాభయ్యో వంతు పెట్టు, గీతలు పోతాయి. ఫోనుతో వచ్చిన కెమెరాలో కుదరకపోతే ఉచిత యాప్‌లున్నాయి. లేదంటే కిటికీ పక్కన కూర్చోబెట్టు, ఆ గొడవే ఉండదు.

యాంకర్: తర్వాతి కాలర్ సింగ్ నగర్ నుంచి. హలో?

కాలర్: హలో, వినపడుతుందాండీ? టీవీ సౌండ్ తగ్గించరా ఒరేయ్... ఆఁ, నమస్కారం మాస్టారూ. నేను టైలరింగ్ చేస్తానండీ. రెండు ప్రశ్నలండీ. మీరు సర్టిఫికెట్ ఇస్తారా అన్నది ఒకటి. రెండోది, 2024లో బుడమేరు వరద వచ్చింది కదండీ, సెప్టెంబరు ఒకటో తారీఖు ఆదివారం. మేం మేడ మీద అద్దెకుంటాం. కింద ఓనరు గారు. నా మిషన్లు రెండూ కిందే, మెట్ల కింద. పవర్ మిషన్ ఒకటి, మామూలుది ఒకటి. తెల్లారి చూస్తే మునిగిపోయాయి. సరే, ఏం చేస్తాం, కరెంటు లేదు. మా ఆయన పవర్ బ్యాంక్ ఉంటే దాంతో ఫోన్ ఛార్జ్ చేసుకుంటా వీడియోలు తీశాను. అరవై ఒక్కటి ఉన్నాయండీ. పాల ప్యాకెట్ల కోసం అరవడం, డ్రోన్లతో తిండి పొట్లాలు దించడం, హెలికాప్టర్... దాని గాలికి మా డాబా మీద తడిబట్టలన్నీ ఎగిరిపోయాయి. ఇవన్నీ కలిపి సినిమా అవుతుందా?

మాస్టారు: అవుతుందమ్మా. ఆ వీడియోలు ఎక్కడున్నాయి ఇప్పుడు?

కాలర్: పాత ఫోన్లో. కొన్ని మా చెల్లికి వాట్సాప్‌లో పంపాను.

మాస్టారు: వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నలిగిపోతుంది. పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. ఆ పాత ఫోన్ ఎవరికీ ఇవ్వకండి, పిల్లల ఆటకి అసలే ఇవ్వకండి. మూడు కాపీలు చెయ్యండి. అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. మీకు నేను చెప్పక్కర్లేదు, ఒకే ఇంట్లో పెడితే ఏమవుతుందో.

కాలర్: అవునండీ... (నిశ్శబ్దం) అసలు ప్రశ్న ఇంకా అడగలేదండీ.

యాంకర్: కొంచెం త్వరగా అమ్మా, లైన్లో చాలామంది ఉన్నారు.

మాస్టారు: చెప్పనివ్వండి.

కాలర్: ఎదురింట్లో మామ్మగారు ఒక్కరే ఉంటారు. రెండో రోజు పడవ వచ్చింది. ఇద్దరు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఎక్కించారు. చేతులు ఖాళీ లేవు కదండీ, పింఛను పుస్తకం పాలిథిన్ కవర్లో చుట్టి, ఆ కవరు పళ్లతో కరిచి పట్టుకున్నారు. పైనుంచి తీశాను. ఎప్పుడు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. సినిమాలో అదే ముఖ్యం అనిపిస్తుంది. వాళ్లబ్బాయి మాత్రం వద్దంటున్నాడు. మా అమ్మని అలా ఊరందరికీ చూపిస్తారా అని అరిచాడు. ముఖం మసక చేసేస్తే?

మాస్టారు: గేటు కనపడుతుందా?

కాలర్: కనపడుతుంది. నీలం గేటు.

మాస్టారు: చీర, గొంతు?

కాలర్: ఊఁ, వినపడుతుంది. అయ్యా అయ్యా అంటారు.

మాస్టారు: మరి మసక ఎవరికోసం? ఆవిడ ఎవరో తెలియనివాళ్లకి ముఖం కనపడ్డా తెలియదు. మీ వీధివాళ్లకి మసక వేసినా తెలుస్తుంది. ఆవిడ బతకాల్సింది ఆ వీధిలోనే. మామ్మగారిని అడిగారా?

కాలర్: అబ్బాయిని అడిగాను...

మాస్టారు: ముఖం అబ్బాయిది కాదు కదమ్మా. మామ్మగారి దగ్గరికి వెళ్లి కూర్చోండి. ఆ వీడియో ముందు ఆవిడకి చూపించండి. అబ్బాయి కూడా పక్కన ఉంటే మంచిదే. చూపించేముందు చెప్పండి, ఆ రోజుదమ్మా, చూడలేనంటే ఆపేస్తానని.

కాలర్: మరీ కొంచెం, బాగా మసక చేస్తే...

మాస్టారు: (నవ్వు) మళ్లీ మసక దగ్గరికే వచ్చారు. మీకొక సంగతి చెబుతాను వినండి. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ఉంది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో పొలం పని చేసే ఆడవాళ్లు, బడికి వెళ్లనివాళ్లు, కెమెరా నేర్చుకుని సినిమాలు తీశారు. 2008 నుంచి సంఘం రేడియో కూడా నడుపుతున్నారు, ఎఫ్‌ఎం 90.4 మీద. వాళ్లు షాట్లకి సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందకి తీసేది పటేల్ షాట్. దొర మనల్ని అలాగే చూస్తాడు కాబట్టి. ఎదురెదురుగా, కళ్లకి సమానంగా తీసేది సంఘం షాట్. సంఘంలో అందరూ చాప మీద ఒకే ఎత్తులో కూర్చుంటారు కదా, అందుకు. ఏ ఫిల్మ్ స్కూల్లోనూ నాకింత బాగా ఎవరూ చెప్పలేదు.

కాలర్: అయితే నాది పటేల్ షాటా అండీ?

మాస్టారు: మీరు మేడ మీద ఉన్నారు, కింద ఆరడుగుల నీళ్లున్నాయి, ఇంకెక్కడినుంచి తీస్తారు? మీ తప్పేం లేదు. కానీ ఇప్పుడు నీళ్లు లేవు. వెళ్లి ఆవిడ మంచం పక్కన కింద కూర్చుని మాట్లాడించండి. ఆ కవరు ఇంకా ఉందేమో అడగండి. ఆవిడే తీసి చూపిస్తే ఆ చేతులు తియ్యండి.

కాలర్: అమ్మో, ఆ కవరు ఆవిడ పారేసి ఉండరండీ. ఏదీ పారెయ్యరు.

మాస్టారు: చూశారా. శనివారం సాయంత్రం రండి. ఆ పాత ఫోన్, ఛార్జర్ తెచ్చుకోండి. మిషన్ మీద పనిచేసే చెయ్యి కదా, ఎడిటింగ్ మీకు తొందరగా వస్తుంది. అదీ కత్తిరించి కుట్టడమే.

కాలర్: సర్టిఫికెట్ అండీ...

యాంకర్: తర్వాత చెబుతారమ్మా, థాంక్యూ. తెనాలి నుంచి కాలర్.

కాలర్: సార్, నా షార్ట్ ఫిల్మ్‌లో ఒక పాత సినిమా పాట ముప్పై సెకన్లే వాడాను. ముప్పై సెకన్ల లోపైతే పర్లేదంట కదా?

మాస్టారు: ఎవరన్నారు?

కాలర్: అందరూ అంటారు సార్. కింద క్రెడిట్ కూడా వేశాను.

మాస్టారు: మన కాపీరైట్ చట్టంలో ముప్పై సెకన్ల లెక్క ఎక్కడా లేదు నాయనా. పాట రాసినవారు, బాణీ కట్టినవారు పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. రికార్డింగుకి వేరే హక్కు. క్రెడిట్ వేస్తే, ఫలానావారిది నేను తీసుకున్నాను అని నువ్వే ఒప్పుకున్నట్టు. త్యాగరాజస్వామి 1847లో పోయారు, కీర్తన మీద హక్కులేం లేవు. కానీ ఎవరో పాడిన రికార్డు తీసుకోకూడదు. మీ తెనాలిలో పాడేవాళ్లకేం కొదవ? ఒకరిని అడిగి కొత్తగా పాడించుకో. ఫ్యాన్ ఆపి.

యాంకర్: కృష్ణలంక కాలర్, చెప్పండి.

కాలర్: ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం డ్రోన్ షాట్ తియ్యాలని సార్. మా ఫ్రెండ్ దగ్గర డ్రోనుంది...

మాస్టారు: అనుమతి ఉందా?

కాలర్: రెండే రెండు నిమిషాలు సార్.

మాస్టారు: రెండు నిమిషాల్లోనే పట్టుకుంటారు. 2021 డ్రోన్ నిబంధనలు చదువు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడు. ఎరుపైతే కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవాలి, పసుపైతే విమానాశ్రయం వాళ్ల కంట్రోల్ టవర్ ఒప్పుకోవాలి. 250 గ్రాముల లోపు బుల్లి డ్రోన్‌కి పైలట్ లైసెన్సు అక్కర్లేదు, కానీ ఎక్కడ పడితే అక్కడ ఎగరెయ్యమని కాదు. అయినా ఆ బ్యారేజీ షాట్ ప్రతి పెళ్లి వీడియోలోనూ ఉంది బాబూ. నేనే ఎన్నిసార్లు వేశానో. పొద్దున్నే గేట్ల దగ్గర వల విసిరే మనిషి పక్కన నిలబడు, ఆయన్ని అడిగి...

కాలర్: డ్రోన్ కొనొచ్చా సార్ అయితే?

మాస్టారు: కొనకండి!

యాంకర్: (నవ్వు) మంగళగిరి నుంచి. క్లుప్తంగా అండీ.

కాలర్: డైరెక్టర్ అవుదామని సార్. మీ దగ్గర నేర్చుకుంటే హైదరాబాద్‌లో ఛాన్స్ వస్తుందా?

మాస్టారు: మేం ఇప్పించలేం. ఇప్పిస్తానని డబ్బు అడిగినవాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. చదువు కావాలంటే పుణెలో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1960 నుంచి. ప్రవేశ పరీక్ష రాయాలి. మా దగ్గరైతే మొదటి వారం కెమెరా ముట్టుకోనివ్వం.

కాలర్: మరేం చేయిస్తారు?

మాస్టారు: కేబుల్ చుట్టిస్తాం. నవ్వకు. అందరూ మోచేతికి వేసి తాడులా చుట్టేస్తారు. లోపల తీగ మెలిపడి విరుగుతుంది, షూటింగ్ రోజున మైకు గరగరమంటుంది. ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి వెయ్యాలి. విసిరితే చిక్కు పడకుండా నేల మీద పరుచుకోవాలి. అది వచ్చాక కెమెరా. మీది నేత ఊరు కదా, పడుగు చిక్కుపడితే ఏమవుతుందో ఇంట్లో అడుగు...

(లైన్ తెగింది)

యాంకర్: లైన్ పోయినట్టుంది. ఇంకొక్క కాల్ తీసుకుందాం. హలో?

కాలర్: మాస్టారూ, నేనేనండీ, సింగ్ నగర్.

యాంకర్: అమ్మా, మీరు మాట్లాడారు కదా...

కాలర్: ఒక్క ముక్క. మామ్మగారు కూడా వద్దంటే?

మాస్టారు: వద్దంటే ఆ షాట్ లేదమ్మా. కాపీ మీ దగ్గరే దాచుకోండి, ఎవరికీ చూపించొద్దు. మీ వీధి గోడల మీద నీళ్లు నిలిచిన మరక ఉందా ఇంకా?

కాలర్: సున్నం వేశారండీ ఆవిడ గోడకి. అయినా కనపడుతుంది. గేటు కంటే పైకి ఉంటుంది.

మాస్టారు: ఆ గోడ మీద ఎండ ఎప్పుడు పడుతుంది?

కాలర్: పొద్దున ఏడింటికి. మామ్మగారు అప్పుడే ముగ్గేస్తారు.

మాస్టారు: అయితే ఏడింటికి స్టాండ్ వేసుకుని, ముందు ఆవిణ్ణి అడిగి, కదలకుండా రెండు నిమిషాలు తియ్యండి. సర్టిఫికెట్ ఇస్తాం, చిన్నది, మేమే ప్రింట్ చేస్తాం. దాంతో ఉద్యోగం రాదు.

కాలర్: పర్లేదండీ, గోడకి పెట్టుకుంటాను.

యాంకర్: సమయం అయిపోయింది. మాస్టారికీ, ఫోన్ చేసినవారికీ కృతజ్ఞతలు. లైన్లో ఉన్నవాళ్లు వచ్చే ఆదివారం ప్రయత్నించండి. ఇప్పుడు వార్తలు.