తెర వేస్తే పని పెరిగింది

అందరికీ నమస్కారం.

నేను కొన్నేళ్లు ఒక కాల్ సెంటర్‌లో టీమ్ లీడర్‌గా చేశాను. ఒక్కో కాల్ నాలుగు నిమిషాల్లో ముగియాలి. దాటితే స్క్రీన్ మీద అంకె ఎర్రబడుతుంది. ఒకరోజు మా టీమ్‌లో ఒకమ్మాయి ఎవరిదో చిక్కుముడి ఓపిగ్గా విప్పుతోంది. మూడు నిమిషాల యాభై సెకన్లయింది. "లైన్ సరిగా లేదండీ, మళ్లీ చేయండి" అని పెట్టేసింది. లైన్ బాగానే ఉంది. ఆ నెల రిపోర్టులో ఆమెదే మొదటి పేరు. కింద సంతకం నాది.

నిఘా పెడితే పని జరగదని నేననను. జరుగుతుంది, కొలిచినంత వరకు.

ఆర్మిన్ ఫాక్, మైకేల్ కోస్‌ఫెల్డ్ అనే ఆర్థికవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. అందులో 'యజమాని'కి రెండే దారులు: తన దగ్గరున్న పాయింట్లలోంచి కనీసం ఇన్ని నాకు ఇచ్చి తీరాలని 'పనివాడి'కి షరతు పెట్టడం, లేదా అతనికే వదిలేయడం. షరతు పెట్టినప్పుడు చాలామంది ఇచ్చేది తగ్గించేశారు. నన్ను నమ్మలేదుగా, నేనెందుకు ఎక్కువివ్వాలి అనే లెక్క.

ఇంకొకటి నాకు మరీ ఇష్టం. చైనాలో ఒక మొబైల్ ఫోన్ల ఫ్యాక్టరీ. అక్కడి వర్కర్లు పని తొందరగా అయ్యే కిటుకులు తామే కనిపెట్టుకున్నారు. సూపర్‌వైజర్ కనబడగానే వాటిని దాచి, రూలు ప్రకారం నెమ్మదిగా చేసేవాళ్లు. పరిశోధకుడు ఈథన్ బెర్న్‌స్టీన్ కొన్ని అసెంబ్లీ లైన్ల చుట్టూ తెరలు కట్టించాడు. అక్కడ ఉత్పత్తి 10 నుంచి 15 శాతం పెరిగింది. 2012లో వచ్చిన పరిశోధన ఇది.

అలాగని అన్నీ పీకేయమని కాదు. విమానంలో చెక్‌లిస్ట్ ఉంటుంది, ఏ పైలటూ దాన్ని అవమానంగా తీసుకోడు. అది పనిని కాపాడుతుంది, మనిషిని అనుమానించదు. మౌస్ కదులుతోందా లేదా అని చూసే సాఫ్ట్‌వేర్ అలా కాదు. దాన్ని ఏమార్చడానికి మౌస్‌ను ఊరికే కదిలించే పరికరాలూ అమ్మకానికున్నాయి!

ఆ అమ్మాయి ఉద్యోగం మానేసే రోజు అడిగాను, కాల్స్ ఎందుకంత సాగుతున్నాయని. "ఒక్క కస్టమర్ వివరాలకి మూడు స్క్రీన్లు మార్చాలి సార్, అక్కడే రెండు నిమిషాలు పోతాయి" అంది.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఎర్రబడేది నా అంకె కదా సార్. స్క్రీన్లది తప్పంటే ఎవరు నమ్ముతారు?"